మడి నిండేదాకా

మడికి నీళ్ళు కట్టడం ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా ఇది చదవొచ్చు. అందుకని ముందు ఆ పని ఎట్లా ఉంటుందో చెప్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు, బాగా తెలిసింది ఇదొక్కటే.

పొలాన్ని చిన్న చిన్న మడులుగా చేస్తాం. మడికీ మడికీ మధ్య జానెడు ఎత్తు మట్టి ఒడ్డు ఉంటుంది. పక్కన కాలువ. బోరు మోటరు వేస్తే కాలువలోకి నీళ్ళు వస్తాయి. పారతో ఒక మడి నోరు తెరిస్తే నీళ్ళు అందులోకి పోతాయి. అది నిండేదాకా ఆగాలి. నిండాక ఆ నోరు మట్టితో మూసి పక్క మడి నోరు తెరవాలి. చేసే పని అంటే పారెడు మట్టి ఇటు వేయడం, పారెడు మట్టి అటు తీయడం. మిగతాదంతా ఆగడమే.

ఆ ఆగే సేపు గురించే నేను రాస్తున్నాను.

నేను అయిదో తరగతి దాకా చదివాను. పై తరగతికి శంకర్‌పల్లి పోవాలి, మా ఇంట్లో పంపలేదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకుంటాను కాబట్టి అక్షరాలు మరిచిపోలేదు. ఇంత పొడుగు రాయడం మాత్రం ఇదే మొదలు.

చేవెళ్ళకూ మొయినాబాద్‌కూ మధ్య ఉన్న ఊరికి కోడలిగా వచ్చాను. అత్త లేదు, నేను రాకముందే పోయింది. ఇంట్లో మా ఆయన, మామ. నాకు నీళ్ళు కట్టడం నేర్పింది మామే. మొదటి రోజు మడి నోరు తెరిచి, ఖాళీగా ఉండటమెందుకని పక్క మడిలో గడ్డి తీయడానికి వంగాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అని మామ అడిగాడు.

"గడ్డి తీస్తున్న మామా. ఊకె నిలవడుడెందుకని."

"మడి నిండనియ్యి. కూసో."

కూర్చున్నాను. ఆయన అవతలి ఒడ్డు మీద కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. నీళ్ళు ముందుకు జరిగే చోట మట్టి పగుళ్ళలోంచి బుడగలు వస్తాయి, చీమలు బయటికొచ్చి ఒడ్డెక్కుతాయి. ఆయన అవే చూస్తున్నాడు. కొత్త కోడలిని, నాకు భయమైంది. నేనేమన్నా తప్పు చేశానా, అందుకే మాట్లాడటం లేదా అనుకున్నాను. మడి నిండాక లేచి మట్టి వేశాడు. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే అడిగాడు.

"ఇయ్యాల ఏం ఆలోచన జేసినవ్?"

"ఏం లేదు మామా."

"రేపు జేస్తవ్ తియ్యి."

అందరిళ్ళల్లో ఎన్ని మడులు అయినయి అని అడుగుతారు. మా ఇంట్లో మామ ఈ మాట అడిగేవాడు. పెద్ద జవాబు కావాలని కాదు. ఒకసారి మా పుట్టింట్లో తప్పిపోయిన మేకపిల్ల గుర్తొచ్చిందని చెప్పాను. అది ఎట్లా ఉండేదో అడిగి తెలుసుకున్నాడు. ఇంకోసారి చిక్కుడు పందిరి పడమటి పక్కకు జరిపితే ఎండాకాలం దాని నీడ కొత్తిమీర మీద పడుతుందని చెప్పాను. మరునాడే గుంజలు పీకి జరిపాడు. ఆయనకు మేకపిల్లా, పందిరీ రెండూ ఒకటే.

పక్క పొలం ఆమె నన్ను చూసి నవ్వేది. "వదినె, నీకు పరాకు రోగం వట్టింది," అనేది. ఒకరోజు కొడవలి చేత పట్టుకుని వచ్చి నిలబడింది.

"మీ చర్చిల కండ్లు మూసుకోని కూసుంటే ప్రార్థన అంటరు. మరి గిట్ల కండ్లు తెర్సుకోని కూసుంటే ఏమంటరు వదినె?"

"నీళ్లు కట్టుడంటరు."

"అబ్బ, జవాబులకేం తక్వ లేదు!" అని నవ్వుకుంటూ పోయింది.

ఆ తర్వాత మా దిక్కు సాఫ్ట్‌వేర్ కాలం వచ్చింది. కంపెనీలు గచ్చిబౌలిలో వచ్చాయి గానీ, దాని గాలి మాదాకా కొట్టింది. రోడ్డు వెడల్పయింది. జన్వాడ దిక్కు ఫామ్‌హౌసులకు ఎత్తు గోడలు లేచాయి. పొలాల్లో ప్లాట్ల రంగు రాళ్ళు, జెండాలు కనిపించసాగాయి. ఊరి మగవాళ్ళు డ్రైవర్లు, వాచ్‌మెన్లు అయ్యారు. ఆడవాళ్ళు కాలేజీ హాస్టళ్ళలో వంటకు పోయారు. మా ఆయన డ్రైవింగ్ నేర్చుకుని కంపెనీవాళ్ళను తీసుకుపోయే కారు నడపడానికి చేరాడు. తెల్లవారకముందే కారు తీసేవాడు. మాటల్లో పికప్, డ్రాప్, లాగౌట్ వచ్చి చేరాయి. చెడ్డమనిషి కాదు, కష్టపడే మనిషి. అయితే కూర్చుంటే మోకాలు ఆడిస్తూనే ఉండేవాడు.

"మా సార్లు కార్ల ఎక్కంగనే లాప్‌టాప్ తెరుస్తరు. నిమిషం ఖాళీ ఉంచరు. గందుకే గంత పెద్ద బిల్డింగులు లేసినయి. మనమేమో ఒడ్డు మీద కూసోని నీళ్లు సూస్తం," అనేవాడు.

మామకు దమ్ము, అంటే ఆయాసం, ఎక్కువై మంచం పట్టాక పొలం లెక్క మా ఆయన చేతికి వచ్చింది. ఆయనకు వారంలో ఒకరోజే సెలవు, వీక్ ఆఫ్ అంటాడు. విత్తనం ఆ రోజే పడాలి. ఆ చలికాలం మెంతి విత్తనం తెచ్చి, ఉన్న మడులన్నిట్లో ఒక్కరోజే చల్లాడు. మంచం మీది నుంచి మామ అడిగాడు.

"అన్ని మడులు ఒక్కనాడెందుకురా?"

"నాకు గీ ఒక్క దినమే దొరుకుతది బాపు. పనైపోతది."

పనైపోయింది. మెంతి కూడా బాగా వచ్చింది. పొలమంతా ఒకటే పచ్చ, చూస్తే కడుపు నిండేది. అన్ని మడులూ ఒక్కరోజు చల్లాడు కాబట్టి అన్నీ ఒక్కసారే పీకడానికి వచ్చాయి. ఆ వారం ఎవరో డ్రైవర్ రాలేదని మా ఆయనకు సెలవు ఇవ్వలేదు. కూలి ఆడవాళ్ళంతా క్యారెట్ కడగడానికి పోయారు. నేను, పక్క పొలం ఆమె పొద్దంతా పీకి కట్టలు కట్టాం. ఆటోలో పట్టినంత పంపాం. మిగిలింది పొలంలోనే ముదిరింది, తెల్లపూలు పూసింది, చేదెక్కింది. కోసి బర్రెకు వేశాం. కొన్నాళ్ళకు బర్రె కూడా ముఖం తిప్పుకుంది.

మా ఆయన వచ్చి ఆ పూలు పూసిన మడులన్నీ తిరిగి చూశాడు. ఆ రాత్రి మామ మంచం దగ్గర కూర్చుని అన్నాడు.

"బాపు, ఎవుసం ఇగ మనతోని కాదు. శంకర్‌పల్లి రోడ్డు మీద నర్సరీ వెట్టినాయన పొలం కౌలుకు అడుగుతున్నడు. ఇచ్చేద్దాం. ఈమె హాస్టల్‌ల వంటకు పోతది."

నేను గడపలో నిలబడి ఉన్నాను. హాస్టల్ వంటలో తప్పేమీ లేదు, మా ఊరి వాళ్ళు మర్యాదగానే చేస్తున్నారు. కానీ నా కాళ్ళ కింద నుంచి ఒడ్డు జారిపోతున్నట్టు అనిపించింది. ఆ పొలం నాకు తిండి ఒక్కటే కాదు. పొద్దంతా ఎవరికీ సమాధానం చెప్పకుండా నేను కూర్చోగలిగిన చోటు అదొక్కటే.

మామ దగ్గి, ఊపిరి తీసుకుని అన్నాడు. "ఒక్క పంట ఆమెకు ఇడువు."

"ఆమె ఒడ్డు మీద కూసుంటది బాపు."

"కూసోనియ్యి."

"ఈస్టర్ అయినంక ఏదో ఒకటి చెప్పాలె. గా నర్సరీ ఆయన ఆగడు."

"ఈస్టర్ దాకా ఇడువు."

అట్లా నాకు పొలం దొరికింది. దొరకగానే నేను చేసిన పని ఏమిటంటే, కూర్చోవడం మానేశాను. చేసి చూపించాలి అనే పట్టుదల. విత్తనానికి ముందు తడపడానికి ఒక మడి నోరు తెరిచి, పరుగెత్తి ఇంకో మడిలో గడ్డి తీసేదాన్ని, మధ్యలో పరుగెత్తుకొచ్చి నోరు మూసేదాన్ని, మళ్ళీ ఎరువు మోసేదాన్ని. నడుము పడిపోయేది. పక్క పొలం ఆమె ఆశ్చర్యపోయి, "వదినె, నీ పరాకు ఎటు వోయింది?" అంది. రెండు వారాలు అట్లా తిరిగినా, నేను కూడా మా ఆయనలాగే మెంతి విత్తనం సంచి ముందు పెట్టుకుని, అన్ని మడుల్లో ఎప్పుడు చల్లుదామా అనే చూస్తున్నాను. వేరే దారి ఉంటుందనే తట్టలేదు.

ఒక సాయంత్రం మామ మామూలుగా అడిగాడు. "ఇయ్యాల ఏం ఆలోచన జేసినవ్?"

నాకు కోపం వచ్చింది. "ఆలోచన జేసే తీరిక యాడిది మామా? పొద్దంత పనే అయితున్నది."

"గట్లనా," అన్నాడు. కాసేపు ఊపిరి ఎగపోసుకున్నాడు. "గట్లయితె ఇయ్యాల సగం పని పొలంల్నే మర్సి వచ్చినవ్."

ఆ మాటకు ఏడుపొచ్చింది. మరునాడు మడి నోరు తెరిచి, పార పక్కన పెట్టి కూర్చున్నాను. మొదట చేతులు ఊరుకోలేదు, గడ్డి పీకబోతుంటే ఒడిలో పెట్టుకున్నాను. నీళ్ళు వస్తున్నాయి. బుడగలు, చీమలు. పొలం గురించి ఆలోచిద్దామనుకున్నాను, రాలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చేస్తోంది. పీట మీద ఒక రొట్టె చరుస్తోంది, పెంక మీద ఒకటి కాలుతోంది, పిల్లలం చేతుల్లో ఒకటి తుంచుకుని తింటున్నాం. పిండి అంతా ఒక్కసారే చరిచి పెట్టేది కాదు. ఒక రొట్టె మా చేతికొచ్చేసరికి ఇంకోటి పెంక మీద పడేది. ఎవరమూ ఆకలితో ఆగలేదు, ఏ రొట్టె కూడా మాడలేదు. ఆ పొగ వాసన కూడా నాకు వచ్చింది.

ఇంతలో నీళ్ళు ఒడ్డు అంచుకొచ్చాయి. లేచి మట్టి వేస్తుంటే చేయి ఆగింది. మెంతి కూడా అట్లాగే చేయొచ్చు కదా. ఒక మడి పీకుతుంటే ఒకటి పెరగాలి, ఇంకోటి మొలవాలి. అన్ని మడులూ ఒక్కరోజు ఎందుకు చల్లాలి?

ఇదేమీ నేను కనిపెట్టిన సంగతి కాదు. ఆకుకూరలు వేసేవాళ్ళు చాలామంది అట్లాగే వేస్తారని తర్వాత తెలిసింది. కానీ మా పొలానికి అది ఆ రోజే వచ్చింది, ఆ ఒడ్డు మీదే వచ్చింది. పరుగెత్తిన రెండు వారాలు రాలేదు.

సాయంత్రం మామకు రొట్టెల సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"షాబాద్ దిక్కు గిట్లనే జేస్తరు. నేను సూసిన. సూసి మర్సిన," అన్నాడు. తర్వాత మెల్లగా, "మీ అవ్వ మంచిగ జేసేది రొట్టెలు," అన్నాడు. ఆయన మా అమ్మ రొట్టె ఒక్కసారే తిన్నాడు, మా పెళ్ళి మాటలప్పుడు.

మెంతి, పాలకూర, కొత్తిమీర ఒక్కో మడి ఆగి ఆగి వేశాను. ఇక రోజూ కొన్ని కట్టలు వచ్చేవి. కొన్ని కట్టల కోసం ఆటో రాదు. మళ్ళీ ఇరుక్కున్నాను. ఈసారి భయపడి పరుగెత్తలేదు. ఒకరోజు నీళ్ళు కడుతూ కూర్చుంటే రోడ్డు మీద ఖాళీ టెంపో ఒకటి డబడబా కొట్టుకుంటూ పోయింది. ఖాళీ బండికే ఎక్కువ చప్పుడు అనుకుంటూ దాని వెనక దుమ్మును చూస్తూ ఉన్నాను. మా ఇంటి ముందు నుంచి కూడా రోజూ ఒక బండి పట్నం దాకా ఖాళీగానే పోతుంది కదా అని అప్పుడు తట్టింది.

రాత్రి ఆ సంగతి చెప్తే మా ఆయన అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని నా వంక చూశాడు.

"డిక్కీల కూరనా? గది ఆఫీసు బండే! మట్టి వాసనొస్తుందని కంప్లెంట్ వెడితే నా డ్యూటీ వోతది."

"మట్టి లేకుంట కడిగి, తడి గోనెల సుట్టి ఇస్త. మెంతి వాసన అత్తరు లెక్క ఉంటది."

"అత్తరట అత్తరు!"

మంచం మీది నుంచి మామ గొంతు వచ్చింది. "ఒక్క వారం వెట్టి సూడురా. వాసనొస్తె నా మీద జెప్పు. ముసలోడు డిక్కీల పండుకున్నడని జెప్పు."

మా ఆయనకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది.

ఆయన మొదట ఎక్కించుకునే మేడమ్ ఉండే వీధిలోనే ఆడపిల్లల హాస్టల్ ఉంది. అక్కడి వంటావిడకు కట్టలు ఇవ్వడం మొదలుపెట్టాడు. రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు నేనే అడిగాను.

"ఏమన్నరు కార్ల?"

"ఏమంటరు. గా మేడమ్ ఎక్కంగనే ముక్కు ఎగవీల్చింది. అయిపాయె నా నౌకరి అనుకున్న."

"ఇంక?"

"'అన్నా, మా అమ్మమ్మ ఇంటి వాసన వస్తోంది' అన్నది. కండ్లు మూసుకోని కూసున్నది. ఇయ్యాల లాప్‌టాప్ తియ్యనే లేదు."

ఇట్లా రాస్తుంటే అంతా బాగైపోయినట్టు అనిపిస్తుంది. కాలేదు. ఎండ ముదిరి కొత్తిమీర ఒక మడి మొలవనే లేదు. బోరు నీళ్ళు సన్నబడ్డాయి. కొన్నిసార్లు మా ఆయన గోనె మరిచిపోయి పోయేవాడు, కట్టలు వాకిట్లోనే వాడిపోయేవి. ఈస్టర్ దగ్గర పడుతున్నా, ఆయన నోటి నుంచి అవుననీ కాదనీ రాలేదు. నేను అడగలేదు, అడిగితే కాదంటాడని భయం.

మామకు మాట తగ్గిపోయింది. సాయంత్రం నేను వెళ్ళి మంచం దగ్గర కూర్చుంటే చేయి కాస్త పైకి లేపేవాడు. అదే ఆయన అడగడం. నేను చెప్పేదాన్ని. ఒకరోజు చెప్పడానికి ఏమీ లేదు.

"ఇయ్యాల ఏం తట్టలె మామా. ఊకె నీళ్లు సూసిన."

పెదాలు కదిపాడు. దగ్గరికి వంగి విన్నాను.

"మంచిదే," అన్నాడు.

ఆయన నాతో మాట్లాడిన చివరి మాట అది. తెల్లవారి పోయాడు. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం ఇంకా రాలేదు. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశాడు. ఊరివాళ్ళు పాటలు పాడుతూ సమాధుల దాకా మోసుకుపోయారు. మట్టి వేసేటప్పుడు నేను కూడా గుప్పెడు వేశాను. మడి నోరు మూసేటప్పుడు వేసే మట్టే అది కూడా, మా ఎర్రమట్టే.

చుట్టాలు పోయాక పొలానికి వెళ్ళాను. పాలకూర వేలాడిపోయి ఉంది. మోటరు వేసి, నోరు తెరిచి కూర్చున్నాను. ఇంటికి పోతే అడిగేవాళ్ళు లేరు. అయినా ఏం చెప్పాలా అని లోపల లోపల వెతుకుతూనే ఉన్నాను.

ఈస్టర్ అయిన వారం నర్సరీ ఆయన ఇంటికి వచ్చాడు. మంచి మనిషే. మామ పోయినందుకు నాలుగు మాటలు మాట్లాడి, "చెల్లె, నీకు గీ ఎండల కష్టం తప్పుతది. ఇయ్యాల మాపటికల్ల మీ ఆయనను ఫోన్ జెయ్యమను. లేకుంటే ఇంకో పొలం సూస్కుంట," అని పోయాడు. ఆ మాట మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను. "సరే," అన్నాడు, అంతే.

పొద్దు వాలుతుంటే రోడ్డు మీద కారు ఆగింది. ఇంటికి పోకుండా నేరుగా పొలానికే వచ్చాడు. బూట్లతోనే కాలువ దాటి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఏదో చెప్పడానికే వచ్చాడు. అప్పుడే నేను మూల మడి నోరు తెరిచాను. ఆయన నోరు తెరవకముందే నా నోటి నుంచి మాట వచ్చేసింది.

"కూసో. మడి నిండనియ్యి."

ఆయన నా ముఖం చూశాడు. ఆ మాట ఎవరిదో తెలుసు. బూట్లు విప్పి, మామ కూర్చునే ఒడ్డు మీద కూర్చున్నాడు.

నీళ్ళు మెల్లగా వస్తున్నాయి. కాసేపు మోకాలు ఆడించాడు. తర్వాత అది ఆగింది. ఫోన్ మోగింది. నర్సరీ ఆయనే. తీసి చూసి, ఎత్తకుండా ఒడ్డు మీద బోర్లా పెట్టాడు. అది మట్టి మీద గుర్రుగుర్రుమని ఆగిపోయింది.

"బాపు నన్నెప్పుడు అడగలె," అన్నాడు.

"ఏంది?"

"ఏం ఆలోచన జేసినవ్ అని. నిన్నే అడిగేటోడు."

నువ్వు ఎప్పుడూ కూర్చోలేదు కదా అని నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను.

"పొద్దుగాల మేడమ్ ఎక్కేదాక కార్ల నేనొక్కన్నే ఉంట," అన్నాడు నీళ్ళ వంకే చూస్తూ. "బాపు పోయినకాడికెల్లి రేడియో వెడ్తలేను. రోడ్డు మీద ఎవ్వరుండరు. అన్నీ యాదికొస్తయి. చిన్నప్పుడు గీడనే నన్ను బుజాల మీద కూసోవెట్టుకోని నీళ్లు కట్టేటోడు. డిక్కీలకెల్లి మెంతి వాసనొస్తుంటది. గియన్ని ఎవరికి జెప్పాలె?"

"నాకు జెప్పు," అన్నాను.

ఆయన దగ్గర కండువా లేదు, చొక్కా చేతితోనే ముఖం తుడుచుకున్నాడు. నేను అటు తిరిగి కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. మడి నిండింది. నేను లేవబోతే ఆయనే పార అందుకుని నోరు మూశాడు. అలవాటు తప్పిన చేయి, మట్టి ఎక్కువే వేశాడు. పక్క మడి నోరు తెరిచాడు. తర్వాత ఫోన్ తీసుకుని నంబర్ నొక్కాడు.

"అన్నా, నేనే. పొలం ఇయ్యం అన్నా... కాదు కాదు, రేటు గురించి గాదు. ఆమె చేస్కుంటది... నేను గూడ ఉంట. ఏమనుకోకు."

ఫోన్ జేబులో పెట్టి ఇంటికి పోతాడనుకున్నాను. పోలేదు. నిలబడి, నిండిన మడినీ, ఇప్పుడు నిండుతున్న మడినీ మార్చి మార్చి చూశాడు.

"గా మూల మడి అన్నిట్ల కంటె చిన్నది. నిండెతందుకు గింతసేపు ఎందుకు వట్టింది?"

నిజమే, అది ఎప్పుడూ ఆలస్యంగానే నిండేది. అన్నేళ్ళు దాని ముందే కూర్చున్నా ఆ మాట నాకు తట్టలేదు.

"తెల్వదు," అన్నాను. "సూద్దాం. కూసో."